సింహం మీసం బిళ్ళ

పటాన్‌చెరు బస్సులు ఆగేకాడ కిరాణా కొట్టు. గల్లా ముందర ప్రభావతి. పెండ్లయి పదకొండేండ్లు, ఆ గల్లా విడిచి ఎటూ పోలేదు. చేతికొచ్చిన ప్రతి బిళ్ళనూ గోటితో గీకుతది. గోరు లోపలికి దిగితే ఉత్త గీత. ఉబ్బుగా తగిలితే టంకశాలలో అచ్చే పగిలి, ఆ పగులు బిళ్ళ మీద ఉబ్బిందన్నట్టు. ఖోటా బిళ్ళ, దొంగ బిళ్ళ ఏదీ ఆమెను దాటిపోదు. ఓ అయిదు పైసల బిళ్ళ మీదనైతే సింహానికి మీసం మొలిచినట్టు గీత ఉబ్బింది.

"అక్క పురుటికి కొండాపూర్ పోయొస్త," అన్నది మొగనితో.

"నీ అసుంటి కండ్లు ఇంకెవలికున్నయే? గల్లా ఎవలు చూస్తరు?" అని నవ్విండు పాండురంగం.

ఆమె కొండాపూర్ బస్సెక్కబోయే ముసలమ్మకు చిల్లరలో మీసం బిళ్ళ పెట్టి, "నువ్వన్న పోయిరా," అని బిళ్ళతో అనుకున్నది.

తొమ్మిదో రోజు బెల్లానికొచ్చినామె చేతిల అదే బిళ్ళ. ప్రభావతి మీసాన్ని గోటితో తడిమి, ఆ బిళ్ళనే మెల్లగ అడిగింది: "మా అక్కకు ఏం పుట్టిందే?"