వ్యానుకు పెట్టిన సున్నం గుర్తులు

నా చిన్నప్పుడు బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటలో, మా వరస ఇళ్లన్నిటికీ కలిపి పడకలున్న వ్యాను ఒక్కటే ఉండేది. అది మా పెదనాన్నది. పాత వ్యాను కొని, లోపల చెక్కలు పరిచి, రెండు పడకలు, ఓ కిరసనాయిలు పొయ్యి అమర్చుకున్నాడు. సెలవులకు వాళ్లంతా అందులో సముద్రానికి వెళ్లేవారు. మాకు చోటు ఉండేది కాదు. పెదనాన్న కూతురు, మా అక్క, తిరిగొచ్చాక వారం రోజులు పై పడక గురించే చెప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది. మా నాన్నకు సైకిలు తప్ప ఏమీ లేదు మరి.

ఒక ఏడు వానలకు వ్యాను పైకప్పు కారి చెక్కలు నానిపోయాయి. లోపలంతా బూజు వాసన. "పాడైపోనాది లా, పాతినుముకి ఇచ్చేత్తాను," అక్కడి మలయ్ వాళ్లలా మాట చివర "లా" తగిలించి అన్నాడు పెదనాన్న. అక్క ఏడ్చింది. నాకు మాత్రం ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

మా తాతయ్య ఒప్పుకోలేదు. తోటలో పాలివ్వని చెట్టుకు సున్నం గుర్తు పెట్టి నరికేవాళ్లు, గుర్తు లేని చెట్టును ముట్టుకునేవాళ్లు కాదు. చెక్కలకూ అదే పద్ధతి అన్నాడు. ఆయనకు చూపు మందగించింది. తాంబూలానికి వాడే తన సున్నపుకాయ నా చేతిలో పెట్టి, స్క్రూడ్రైవరు దిగబడిన చెక్కకే గుర్తు పెట్టమన్నాడు. గుర్తులు సగానికి మించితే వ్యాను అమ్మెయ్యడమే.

నేను లోపలికి వెళ్లి, గట్టిదని లేదు మెత్తదని లేదు, అన్నిటికీ సున్నం పూసేశాను.

తాతయ్య వచ్చి చెక్కల మీద బొటనవేలు నొక్కుకుంటూ పోయాడు. నలభై ఏళ్లు రబ్బరు చెట్లు గీసిన చేయి అది. బయట పెదనాన్న, అక్క ఎదురుచూస్తున్నారు.

"లోపల సీకటిగా ఉన్నాది. పిల్లకి సరిగ్గా కనపళ్లేదు. మళ్లీ సూస్తాది," అని వాళ్లతో చెప్పి, తడిగుడ్డ నా చేతికిచ్చాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. వ్యాను తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి.

స్క్రూడ్రైవరుతో ఒక్కోటీ గుచ్చి చూసి, గట్టి చెక్కల మీది సున్నం తుడుస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చివరికి ఐదు చెక్కలకే గుర్తు మిగిలింది. పైకప్పు కారే చోటు మూసి, ఆ ఐదూ మార్చారు. తర్వాతి సెలవులకు వాళ్లు సముద్రానికి వెళ్లారు, మేం వెళ్లలేదు. నా అసూయ ఏమీ తగ్గలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా కుళ్లుకుంటూనే చూశాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరి పని ఎలా ఉందో చెప్పమని ఇంట్లోనూ గుడి దగ్గరా నన్నే అడుగుతారు. రెండుసార్లు చూడందే నోరు విప్పను. మొదటిసారి చూసేది ఎప్పుడూ నా కడుపుమంటే.