నాలుగోసారి ఊదించింది ఎవరు?

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఊపిరి ఆగితే మనిషి కథ అంతటితో ముగిసినట్టేనని ముప్పై ఏళ్లకు పైగా వైద్య విద్యార్థులకు పాఠం చెప్పినవాణ్ని. ఈ వయసులో ఆ పాఠం మార్చుకునే ఉద్దేశం లేదు. ఇదంతా ఆనాటి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మాది మగ్గం నేసే కుటుంబం. బాపు నూలు దుమ్ములో దగ్గుతూ దగ్గుతూనే పోయాడు. అందుకేనేమో ఊపిరితిత్తుల జబ్బులే చదివాను, వాటికే ప్రొఫెసర్‌నయ్యాను. ఉద్యోగం చివరి ఏళ్లలో కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసే కూలీల మీద పరిశోధన చేశాను. రాతి దుమ్ముతో వచ్చే జబ్బును టీబీ అనుకుని మాత్రలు ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. మనిషి ఆ మాత్రలు మింగుతూనే మళ్లీ దుమ్ములోకి పోతాడు. అట్లాంటివాళ్లను ముందే పట్టుకోవాలన్నది నా పని.

పద్ధతి ఇది. ముక్కుకు క్లిప్పు పెట్టి, యంత్రం గొట్టంలోకి ఊపిరంతా ఊదించాలి. మూడుసార్లు ఊదితే మూడూ దగ్గర దగ్గరగా రావాలి. మధ్యలో వదిలేస్తే ‘సరిగా ఊదలేదు’ అని రాసి పేరు కొట్టేస్తాం, ఇక వాళ్లకు ఎక్స్‌రే ఉండదు.

ఊదించడం ఒక విద్య. మా టెక్నీషియన్ సైలు అందులో ఆరితేరినవాడు. లావుపాటి మనిషి. వెనక నిలబడి వీపు మీద చరుస్తూ అరిచేవాడు. “ఊదు, ఊదు, ఇంక జర! నీ బామ్మర్దిని తిట్టినట్టు ఊదు!” వరుసలో ఉన్నవాళ్లు పడి పడి నవ్వేవాళ్లు. అతనున్నన్నాళ్లు నేను కొట్టేసిన పేర్లు చాలా తక్కువ.

సైలు గుండెపోటుతో పోయాడు. చితి కాలేదాకా అక్కడే ఉన్నాను.

అది జరిగిన నాలుగు నెలలకు ఒక క్వారీ పక్కన రేకుల షెడ్డులో పరీక్షలు పెట్టుకున్నాం. పొద్దున పదకొండు దాటింది. లోపల ముగ్గురమే ఉన్నాం: నేను, కొత్త టెక్నీషియన్ సునీత, కొమురయ్య అనే కూలీ. కొమురయ్య ఎన్నో ఏళ్లుగా రాళ్ల పనిలోనే ఉన్నాడు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చి మాత్రం ఇరవై రోజులే అయింది.

మూడుసార్లూ సగంలో దగ్గి వదిలేశాడు. బయట వరుస పెద్దగా ఉంది. నాకు విసుగొచ్చింది. “చాలమ్మా, పంపెయ్” అని తల వంచి అతని పేరు మీద గీత గీస్తున్నాను.

యంత్రం చప్పుడు చేసింది. తలెత్తితే కొమురయ్య మళ్లీ ఊదుతున్నాడు. మెడ నరాలు తేలాయి. చిట్టచివరి గాలి దాకా ఊదాడు. జరసేపు ఆగి మళ్లీ ఊదాడు. ఆ తర్వాత ఇంకోసారి. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి గీసినట్టు వచ్చాయి. ఉండాల్సిన ఊపిరిలో సగం కూడా లేదు.

“ఇట్ల ఊదగలిగినోనివి ముందుగాల ఎందుకు ఊదలే?” అన్నాను.

“గా లావు సారు ఇడిసిపెడితే గద సార్!” అన్నాడు రొప్పుతూ. “ఈపు మీద సరిసి సరిసి ఊదిపిచ్చిండు. బామ్మర్దిని తిట్టినట్టు ఊదుమంటడు. నాకు బామ్మర్దే లేడాయె.”

“ఏ సారు?”

“గీడనే ఉండె” అని వెనక్కి తిరిగాడు. అక్కడ రేకు గోడ తప్ప ఏమీ లేదు. షెడ్డుకు ఒకటే తలుపు, అది నా కుర్చీ పక్కన. నన్ను దాటకుండా ఎవరూ రాలేరు, పోలేరు.

సునీత వైపు చూశాను. “నేనేమనలే సార్. క్లిప్పు తీద్దామని చెయ్యి సాపిన, అంతే.”

తోటి కూలీలెవరైనా సైలు మాట అతనికి చెప్పి ఉండొచ్చు. అందుకే వరుసలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడిగాను. ఇద్దరికి సైలు తెలుసు. ఏమీ చెప్పలేదన్నారు. మరిచిపోయి ఉండొచ్చని కూడా డైరీలో రాసుకున్నాను. కానీ ఆ వీపు మీది దెబ్బలకు ఏ కారణమూ రాయలేకపోయాను.

కొమురయ్య ఎక్స్‌రేలో రాతి దుమ్ము జబ్బే తేలింది. అప్పటికి రెండుసార్లు టీబీ మాత్రలు మింగి ఉన్నాడు. దుమ్ము పని మానేసి ఒక గోదాములో కాపలాకు కుదిరాడు.

షెడ్డులో అది జరిగిన సాయంత్రమే పాత పేజీలు తిరగేశాను. సైలు పోయాక, దీనికి రెండు నెలల ముందు, హుజూరాబాద్ దగ్గర ఒకచోట పరీక్షలు చేశాం. అక్కడ లింగయ్య అనే పేరు కొట్టేసి ఉంది. మూడుసార్లూ సగంలో వదిలేశాడని నా చేతిరాతే.

తెల్లారి వాళ్లింటికి పోయాను. భార్య ఒక్కతే ఉంది.

“ఆయన దుబాయ్ పోయిండు సార్, రాయి కోసే పనికే” అంది. “మీరు పరీక్ష జేసి ఏం జెప్పకపోతిరి. ఏం లేదు కావచ్చనుకున్నం.”

నంబరు తీసుకుని చాలా రోజులు ప్రయత్నించాను. కలవలేదు. కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. బాగా దగ్గుతుండట. వెంటనే రమ్మని చెప్పమన్నాను. కాగితాల ప్రకారం ఇంకా రెండేళ్లు ఉండాలట, కంపెనీవాళ్లు పంపరట. ఆ తర్వాత ఆమె ఫోన్ కూడా మోగలేదు.

ఆ షెడ్డులో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. సైలు వచ్చాడనడానికి నా దగ్గర రుజువు లేదు, రాలేదనడానికీ లేదు. వచ్చేవాడే అయితే, లింగయ్య వంతు వచ్చినప్పుడు ఎందుకు రాలేదు?