బాలాత్రిపురసుందరి సైలెన్సర్లు

కె.ఆర్.పురం సంత వీధిలో దారాలు, గుండీలు, జిప్పులు అమ్మే బాలాత్రిపురసుందరికి కోపం ముక్కుమీదే ఉంటుంది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ సుందరక్క అంటారు. యాభై దాటినా దొడ్డబళ్ళాపురం నుంచి పట్టుదారం కండెలు ఇప్పటికీ వాళ్ళ నాన్న పాత యెజ్డీ మోటారుసైకిలు మీదే తెస్తుంది. స్కూటీ కొనుక్కోరాదా అని సలహా ఇచ్చినవాళ్ళు రెండోసారి ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో వాళ్ళకీ తెలుసు.

ఆడపిల్లకు బండి ఎందుకని వీధంతా నొసలు చిట్లించిన రోజుల్లోనే వాళ్ళ నాన్న సొన్నప్ప కూతురి చేతికి క్లచ్చు అందించాడు. పోతూ పోతూ ఆ బండిని ఆమెకే అప్పగించాడు, కంపెనీలో బిగించిన రెండు పొడుగాటి సైలెన్సర్లతో సహా. అలాంటివి ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకవు. దొరికేవన్నీ పల్చటి రేకు చుట్టినవి, డబ్బా కొట్టినట్టు మోగుతాయి. ఆ మోత వింటేనే సుందరికి ఒళ్ళు మండుతుంది.

పెట్రోలులో నూనె కలుపుకుని తాగే బండి కదా, సైలెన్సర్ల లోపల శబ్దాన్ని అణిచే చిల్లుల గొట్టాలకు మసి పేరుకుపోతుంది. వాటిని బయటికి లాగి, నిప్పుల్లో కాల్చి, దులిపి మళ్ళీ బిగించాలి. సుందరి ఆ పని ఏటా ఆయుధ పూజ రోజు పొద్దున పెట్టుకుంటుంది. ఈసారి కూడా కాల్చి, కడిగి, ఎండలో ఆరబెట్టి స్నానానికి వెళ్ళింది. అక్కడే దెబ్బ తింది.

ఆమె భర్త మునిరాజు ఎంత భక్తుడో అంత పిరికివాడు. తళతళలాడుతున్న గొట్టాలు చూసి, ఇవీ ఆయుధాలే కదా అనుకున్నాడు. కొట్టులోని కత్తెరల పక్కన పేర్చి, విభూతి పట్టెలు తీర్చి, కుంకుమ పెట్టి, బండికీ వాటికీ కలిపి హారతి కూడా ఇచ్చేశాడు. సుందరి తల తుడుచుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఏం పని చేసినారు మీరు? అవి బండికి బిగించాల్సినవి."

"పూజలో పెట్టినవి రేపటిదాకా కదిలించకూడదు సుందరీ. నీకు తెలీదా?"

తెలియకేం, తెలుసు. పూజలో కూర్చున్న కత్తెరను ఆ రోజు దారం తెంపడానికైనా ఎత్తని ఇల్లు అది. ఇటు చూస్తే, పూజ చేసిన బండిని ఒక చుట్టు తిప్పకుండా వదిలేయడం కూడా అరిష్టమే. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వీధి చివరిదాకా పోయి వచ్చేస్తే ఎవరికేం అనుకుంది. గొట్టాలు లేని యెజ్డీ సీమటపాకాయల జడ అంటించినట్టు పేలింది. మలుపు తిరిగితే ఎదురుగా ట్రాఫిక్ పోలీసులు.

ఆ వారమంతా వాళ్ళు మోత బండ్ల మీద పడ్డారు. పడాల్సిందే, ఎవరు కాదన్నారు? ఆస్పత్రి ముందు కూడా బర్రుమనిపించే కుర్రకారును సుందరే ఎన్నోసార్లు నడిరోడ్డు మీద కడిగిపారేసింది. ఇప్పుడు ఆమె బండినీ ఆ వరసలోనే నిలబెట్టి, సైలెన్సర్లు ఊడదీయించి, బండిని ఠాణాలోనే పెట్టుకున్నారు. సుందరికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పూజకు ఉద్వాసన చెప్పి, ఆ గొట్టాలు సంచిలో వేసుకుని, మునిరాజును వెంటబెట్టుకుని ఠాణాకు పోయింది. ఎస్సై శ్రీకాంత్ చింతామణి వైపు తెలుగువాడు. మనిషి మంచివాడే, వినే తీరికే లేదు.

"ఇంటి కథలన్నీ నాకెందుకక్కా? మోత కోసం నేనే సైలెన్సర్ మార్పించినాను, తప్పయింది అని రాసియ్యండి. ఈసారికి వాపసు ఇచ్చేస్తాను. లేదంటే సోమవారం అన్నిటితో పాటు రోలరు కిందికి పోతాయి."

"గొట్టాలు లేకుండా నడిపినాను. అది తప్పే, రాసిస్తాను. మార్పించినానని మాత్రం రాయను."

"పైవాళ్ళకు నేను చూపించాల్సింది ఆ మాటేనక్కా."

"నేను చెయ్యంది ఎట్లా రాసేదప్పా?"

మునిరాజు ఆమె చెవి దగ్గర గొణిగాడు. "రాసేస్తే ఏం పోతాది? మీ నాయన బండి అది."

"అందుకే రాయను. ఆయన అంత బాగా చూసుకున్న బండిని నేను చెడగొట్టినానని నా చేత్తో రాసిచ్చేదా?"

ఆ మాట అనేసి వచ్చిందే గానీ, ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. రాసి పారేసి తెచ్చుకుందామా అని ఒకటికి పదిసార్లు అనుకుంది. ఆ సైలెన్సర్లంటే ఆమెకు ప్రాణం. అనుకున్న ప్రతిసారీ ఆ కాగితం మీద తన సంతకం కళ్ళముందు కనిపించి ఆ ఆలోచన మానుకునేది.

సోమవారం ఠాణా పక్క మైదానంలో సైలెన్సర్లన్నీ వరసగా పరిచారు. ఎవరో ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. శ్రీకాంత్ ఆఖరిసారి కాగితం, పెన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"బేడక్కా, వద్దు, పంతానికి పోవద్దు. ఒక్క సంతకం."

"మార్పించలేదు," అంది సుందరి.

రోలరు కదిలింది. సొన్నప్ప ఏళ్ళ తరబడి తుడిచి మెరిపించిన ఆ రెండూ పటపటమని అణిగిపోయి అప్పడాల్లా నేలకు అంటుకున్నాయి. సుందరికి ఏడుపొచ్చింది. అంతమందిలోనూ దాచుకోకుండా ఏడ్చింది, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బండి తీసుకుపోవచ్చక్కా," అన్నాడు శ్రీకాంత్, ఆమె వైపు చూడలేక.

"దాని మీద ఇంకేమన్నా కేసు ఉండాదా?"

"లేదు. అయిపోయింది."

సుందరి చీర కుచ్చిళ్ళు పైకి దోపి బండెక్కింది. కిక్కు కొట్టింది. సైలెన్సర్లే లేని యెజ్డీ ఒక్కసారిగా గర్జించింది. మైదానంలో పావురాలు లేచిపోయాయి, వీడియోలు తీసేవాళ్ళు ఇటు తిరిగారు. శ్రీకాంత్ పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఆపండక్కా. సైలెన్సర్ లేకుండా ఎట్లా నడిపిస్తారు? ఇంత మోతతో రోడ్డు మీదికి పోగూడదు."

"నా సైలెన్సర్లు తీసింది ఎవరప్పా? ఈ మోత నేను చేయించింది కాదు, నువ్వు చేయించింది. కావాలంటే నువ్వు రాసియ్యి."

శ్రీకాంత్ హ్యాండిలు మీది చెయ్యి మెల్లగా తీసేశాడు. హారను మోగినా ఉలిక్కిపడే మునిరాజు వచ్చి వెనక సీటెక్కి కూర్చున్నాడు. కిక్కు కొట్టిన కడ్డీనే ముందుకు తిప్పితే గేరవుతుంది ఆ బండికి. సుందరి దాన్ని తిప్పి ఫస్టు గేరు వేసింది. ఠాణా ముందు నుంచి సంత వీధి దాకా రెండో గేరు వేయలేదు. మెల్లగా, అందరికీ వినపడేలా పోయింది.