మియెన్ చేతిలో తాడు

మా రేవులో ఒక కట్టుబాటుంది. మొగుడు సముద్రంలో మునకకి దిగితే, అతని నడుముకి కట్టిన తాడు పెళ్ళామే పట్టుకోవాలి. తమ్ముడూ బావమరిదీ ఎంత మంచివాళ్ళయినా కుదరదంటే కుదరదు.

మియెన్‌కి ఆ తాడంటే చచ్చేంత భయం. ఉండదా మరి! చిన్నప్పుడు అడుగున ఉన్న తండ్రి తాడు గట్టిగా గుంజితే, తల్లి హడలిపోయి ఒక్క ఊపున పైకి లాగేసింది. లోతులో చాలాసేపు ఉన్న మనిషిని అలా లాగకూడదు, నెత్తుట్లో గాలిబుడగలు పుడతాయి. ఆయన బతికాడు గానీ నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ తర్వాత బతుకంతా చాప మీదే. మునిగేవాణ్ణి చచ్చినా చేసుకోనని మియెన్ ఊరంతా చాటింది. చివరికి చేసుకున్నది తొయాన్‌ని, సువాన్ దాయ్ అఖాతంలో రోజూ మునకలేస్తూ పంజరాల్లో లాబ్‌స్టర్లు పెంచేవాణ్ణి. మనసు మాట వింటుందా!

ఆ మధ్య పరిశోధన కేంద్రం నుంచి కువెన్ అనే అమ్మాయి వచ్చి, పెంపకందార్లతో కలిసి పని మొదలుపెట్టింది. వానల్లో ఏటి నీరు వచ్చి ఉప్పునీటి మీద పరుచుకుంటే లాబ్‌స్టర్లు గుంపులుగా చస్తాయి. పంజరాలని ఎప్పుడు, ఎంత లోతుకి దించితే బతుకుతాయో తేల్చాలి. పరికరాలు కువెన్‌వి, మునకలు తొయాన్‌వి. నెత్తుట్లో బుడగలు పుట్టకుండా, పైకొచ్చేటప్పుడు సగంలో కాసేపు ఆగి తీరాలని ముగ్గురూ ఒప్పుకున్నారు.

ఆ రోజు పొద్దున్నే కుంభవృష్టి. ఏరు పొంగింది. తొయాన్ గాలిగొట్టం నోట కరుచుకుని తెప్ప మీంచి దిగి, పంజరాలన్నీ కిందికి దించాడు. చాలాసేపు పట్టింది. మియెన్ అతన్ని సగం దాకా లాగి ఆపింది. వెంటనే కింద నుంచి తాడు గుంజాడు. మళ్ళీ గుంజాడు.

"ఊపిరందట్లేదేమో, లాగెయ్ అక్కా!" అని అరిచింది కువెన్.

"అతని ఊపిరి బుడగలు పైకొస్తున్నాయా? చూడవే!"

"ఈ వానలో ఏం తెలుస్తుందక్కా? నీళ్ళన్నీ బుడగలే!"

గుంజడం ఆగిపోయింది. అది ఇంకా ఘోరం. తెప్ప మీద గొట్టంలోకి గాలి పంపే ఇంజను కొట్టుకుంటూనే ఉంది, అదొక్కటే ధైర్యం. చేతులు వాటంతటవే లాగబోతుంటే, మియెన్ తాడుని తెప్ప కొయ్యకి చుట్టి, ఆ కొయ్యని కావలించుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ తల్లిని తిట్టుకుంది. ఇప్పుడు ఆ తల్లి చేతులే తనకొచ్చాయి.

"ఇక చాలు, లాగొచ్చు" అని కువెన్ గడియారం చూసి చెప్పాక, ఏడుస్తూ, మెల్లగా లాగింది మియెన్. తొయాన్ నీలంపట్టిన పెదాలతో తేలి, తెప్ప మీదికి పాకి వెల్లకిలా పడ్డాడు.

"బుద్ధుందటే నీకు? చలికి చస్తున్నా లాగమని గుంజుతుంటే వేలాడదీస్తావా? మొగుణ్ణనుకున్నావా, ఎండుచేపననుకున్నావా?"

మియెన్ అతని మొహం చూడలేదు. కాళ్ళకేసే చూస్తోంది.

"లే" అంది.

"లేవడమేంటి? ముందు నా మాటకి..."

"లేవయ్యా! తిట్టు, నీ ఇష్టమొచ్చినంత తిట్టు. నడుస్తూ తిట్టు!"

తొయాన్ లేచాడు. తెప్ప ఈ చివర నుంచి ఆ చివరిదాకా వణుక్కుంటూ, తిడుతూ నడిచాడు. కదులుతున్న ఆ కాళ్ళని చూస్తూ మియెన్ వెక్కి వెక్కి ఏడ్చింది.