వంద అని రాసున్న డబ్బా

అప్పట్లో నాకు అంకెలే వచ్చు, అక్షరాలు రావు. నోటితో చెప్పే ధైర్యమూ లేదు. మస్తానమ్మకు చెప్పాల్సిన మాట యాభై ఆరేళ్ళ వయసులో ఇప్పుడు రాస్తున్నాను.

చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో గార్డు డ్యూటీకి ఉదయం ఆరింటికి దిగాను. పత్తి సీజను, నాలుగు నెలలు. ఖాకీ చొక్కా, విజిలు, లాఠీ, వాకీటాకీ ఇచ్చారు. మా పైవాడు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి వచ్చిన సుబేదారు. మిల్లును సరిహద్దులాగే కాపలా కాయించేవాడు.

నాకు గేటు. పది చదివిన మస్తానమ్మకు ఫ్యాను కింద కుర్చీ, ఎదురుగా అగ్గి పుడితే మోగే సైరన్ ప్యానెల్. ఆ కుర్చీ చూస్తే కడుపు మండేది.

"గేటు, ఎండ ఎట్టుందే?" అనేది వాకీటాకీలో.

"నీ ఫ్యాను ఇటు తిప్పక్కా, చెప్తా."

పొగ కనబడగానే సైరన్ మోగకూడదు. దూది నుసి ఎగిరినా పొగలాగే ఉంటుంది. అందుకని పది సెకన్లు ఆగాలి. సుబేదారు మా ఇద్దరికీ చెప్పాడు:

"రెసిస్టరు కుళాయి, కెపాసిటరు బిందె. కుళాయి లక్ష ఓములు, బిందె వంద మైక్రోఫారడ్లు. గుణిస్తే పది సెకన్లు. అంతసేపటికి బిందె మూడింట రెండొంతులకు కాస్త తక్కువ నిండుద్ది. అప్పుడు మోగుద్ది. నుసి ఈలోపే పోతే బిందె ఖాళీ."

రెసిస్టరు మీద రంగుకో అంకె. గోధుమ, నలుపు, పసుపు గీతలు చూసి లక్ష అని నేనే ముందు చెప్పాను. ఆయన మెచ్చుకున్నది మస్తానమ్మ నోట్సును.

ఒకరోజు కెపాసిటరు ఉబ్బింది. మార్చమని ఆమెకు ఆర్డరు. ఆమె అన్నానికి వెళ్ళింది. నేను స్పేర్ల పెట్టెలోంచి 100 అని ఉన్న కెపాసిటరు డబ్బా తీసి, స్క్రూలు బిగించేశాను. సుబేదారు వచ్చి చూసి నన్ను మెచ్చుకోవాలని.

రెండున్నరకు నుసి లేచింది. ఒక్క సెకనులో సైరన్. కూలీలు గేటు మీద పడ్డారు. తొక్కిసలాటలో ఒకామె చెయ్యి విరిగింది.

సుబేదారు డబ్బా ఊడదీశాడు. "ఈ వంద వోల్టుల లెక్క. మైక్రోఫారడ్లు పదే, బిందె చిన్నది. ఏంది మస్తానమ్మా, చదువుకున్నదానివేగా?"

ఆమె నా వైపు చూసింది. నాకు చదువు రాదని ఆమెకు తెలుసు.

"చూసుకోలా సార్," అంది.

మరుసటి షిఫ్టు నుంచి ఆమెకు గేటు, నాకు కుర్చీ. సీజను అయ్యేదాకా ఆ ఫ్యాను కింద నాకు చెమట ఆరలేదు. ఆమె వాకీటాకీలో ఎండ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

సీజను ముగిసి మా ఊరు గురజాల చేరాను. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే: జుట్టు నిండా తెల్లటి నుసితో నా వైపు తిరిగిన ఆ ముఖం.

మర్నాడు ఉదయం అంగన్‌వాడీ టీచరు దగ్గరకు వెళ్ళి, సుబేదారు పారేస్తే నేను దాచుకున్న ఆ డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

"వంద పక్కన ఉందే, ఈ అక్షరం నేర్పమ్మా. ముందు ఇదే."