కోడి నీళ్ళు తాగే తీరు

తడి తవుడు వాసన తగిలితే నాకు ఇప్పటికీ రాజవ్వ గుర్తొస్తుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో నేను పనిచేసే కాలేజీ ప్రయోగశాల నిండా గాజు తొట్లే. అంతరిక్షంలో ఏళ్ళ తరబడి ఉండాల్సిన మనుషులు తిండికోసం అక్కడే చేపలు పెంచుకోగలరా అన్నది మేం తేల్చుకోవాలనుకుంటున్న విషయం. మొన్న ఉదయం మేతకు తవుడు కలుపుతూ ఒకసారి గుప్పిట ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను.

రాజవ్వ మాకు చుట్టం కాదు. బొగ్గుగని క్వార్టర్లలో మా పక్కింటావిడ. రాజురా దగ్గరి పల్లెలో రైతుల ఇంట పుట్టి, భర్తకు గనిలో ఉద్యోగం దొరికాక మా వీధికి వచ్చింది. చదువు రాదు. పెరట్లో కోళ్ళను మాత్రం తడి తవుడు పెట్టి, ఒక్కొక్కదాని గుణం తెలుసుకుని పెంచేది.

నేను ఏడో తరగతిలో ఉండగా బడిలో విజ్ఞాన ప్రదర్శన పెట్టారు. నేను అట్టలతో అంతరిక్ష నౌక చేసి, అందులో దూది కోళ్ళను వరసగా నిలబెట్టాను. వ్యోమగాములకు రోజూ గుడ్లు దొరుకుతాయన్నది నా ఆలోచన. మా ఇంట్లో అందరూ నవ్వారు. రాజవ్వ నవ్వలేదు. నౌక చుట్టూ తిరిగి చూసి, అక్కడ నీళ్ళు పోస్తే ఏమవుతాయని అడిగింది. కింద పడవు, ఉండలై తేలుతాయని పుస్తకంలో చదివింది చెప్పాను. ఆమె నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కోళ్ళ నీళ్ళ మూకుడు ముందు కూర్చోబెట్టింది.

"మంచిగ చూడు బిడ్డా. ముక్కు ముంచుతది, తల పైకెత్తుతది. అప్పుడు నీళ్ళు జారి గొంతులకు దిగుతయి. నీళ్ళు కిందికే రాకుంటే ఇది ఎట్ల తాగుతది?"

రోజూ కనిపించే కోడే. అంతవరకూ నేను దాన్ని చూడనేలేదు. ప్రదర్శన మర్నాడే. ఏడుపు ఆపుకోలేక నౌకను తొక్కేయబోతే రాజవ్వ అడ్డుపడింది.

"ఎందుకు తొక్కుతవ్? కుదరదని తెలిసింది గదా. గదే చెప్పు."

మర్నాడు బుట్టలో కోడిని పెట్టుకుని ఆటోలో నాతో బడికి వచ్చింది. నేను మరాఠీలో వివరిస్తుంటే, ఆమె మూకుడు ముందు కోడిని వదిలేది. బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాత్రం నేలమీద కూర్చుని, కోడి దాహం తీరేదాకా చూసి, ఇది ఎవరు గమనించారని అడిగారు. నేను రాజవ్వను చూపించాను. ఆమె సిగ్గుపడి బుట్ట సర్దుకుంది. తిరుగుదారిలో క్వార్టర్ల మలుపు దగ్గర మెల్లగా అంది:

"కోడి కాకుంటే చేపను చూడు. అది నీళ్ళల్లనే ఉంటది, నీళ్ళల్లనే తింటది."

ఆ మాటే నన్ను చేపల చదువు వైపు నడిపించింది. బరువు తెలియని చోట చేపలు కూడా పైనా కిందా తెలియక గింగిరాలు తిరుగుతాయని, వెలుతురు ఒకవైపు నుంచే ఇస్తే కొన్ని సర్దుకుంటాయని ఒకసారి సెలవుల్లో వచ్చి రాజవ్వకు చెప్పాను. అప్పటికి ఆమె మంచం దిగలేకపోతోంది. అయితే దీపం పెట్టి పెంచుండ్రి అంది, అదేం పెద్ద పని కానట్టు. ఆ ఏడే పోయింది.

గాలి, నీరు బయటినుంచి అందని మా మూసిన తొట్టిలో రెండుసార్లు చేపలన్నీ చచ్చిపోయాయి. కారణాలు రాసుకుని, మార్చి, మళ్ళీ మొదలుపెట్టాం. ఈ వారం గుడ్లు పగిలి, కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు బయటికొచ్చాయి. వీటి సంతతి ఎన్నటికైనా భూమి దాటుతుందో లేదో నాకు తెలియదు. ఏదైనా కుదరలేదని తేలినప్పుడు మాత్రం నేనిప్పుడు లేచి వెళ్ళిపోను. కుర్చీ తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంటాను.