తుమ్ముతో పుట్టిన పన్నెండోది

మా ఆవిడ పేరు మీద ఒక పురుగు ఉండేది. ఉండేది అన్నాను, గమనించండి. నేను చొక్కాలు కుట్టుకునే దర్జీని. సైన్సు చెప్పేంత చదువు లేదు గానీ, ఇన్నేళ్లు ఆవిడతో కాపురం చేశాక ఆ మాత్రం అబ్బుతుంది.

ఆవిడ పనిచేసేది కీటకాల మ్యూజియంలో. దీపం చుట్టూ తిరిగే చిమ్మటలను గుండుసూదికి గుచ్చి, రెక్కలు విప్పి, చీటీ రాసి సొరుగులో పెడుతుంది. ఊడిన కాళ్లు, రాలిన పొట్టలు జిగురుతో అతికేదీ ఆవిడే. వేడిదేశాల అడవుల్లో ఉండే ఒకరకం గోధుమరంగు చిమ్మటలు ఆవిడ వాటాకు వచ్చాయి. వాటికీ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఒకే ఇంటిపేరుతో పదకొండు జాతులు. రెక్క మీద చుక్కలు, పొట్ట చివర ఉండే చిన్న కొక్కెం, రెండూ కలిపి చూస్తేగాని ఏది ఏదో తేలదట.

ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడాదికి పెద్దసారు పన్నెండోదాన్ని కనిపెట్టారు. నాలుగోదాని రెక్కలు, ఏడోదాని కొక్కెం ఉన్న విచిత్రమైన చిమ్మట. ప్రపంచం మొత్తానికీ ఉన్నది అదొక్కటే. సొరుగులన్నీ జాగ్రత్తగా చూసుకుంటోందని మెచ్చుకుని దానికి మా ఆవిడ పేరే పెట్టేశారు. పుస్తకంలో అచ్చయింది కూడా.

దాంతో మా ఇంట్లో రాజకీయం తిరగబడింది. అంతకుముందు మా అమ్మ కోడల్ని "పురుగులావిడ" అనేది. మోచేతులదాకా కడుక్కుంటేగాని వంటింట్లోకి రానిచ్చేది కాదు. పేరు అచ్చయ్యాక "మా కోడలు" అయింది. ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు ఆ పుస్తకం చేతిలో పెట్టేది. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గర్వం మాత్రం నిటారుగా ఉండేది. అలా ఇరవై మూడేళ్లు హాయిగా గడిచాయి.

ఆ మధ్య ఒక పరిశోధన చేసే అమ్మాయి బుధవారం వస్తాను, పన్నెండింటినీ మళ్లీ పరీక్షించాలి, ముందుగా ఫోటోలు పంపండి అని రాసింది. ఆదివారం మా ఆవిడ తను తీసిన పన్నెండోదాని ఫోటోని ఫోనులో పెద్దది చేసి చూస్తూ, ఉన్నట్టుండి పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది.

"ఏవండీ, ఇది నా తుమ్మండీ."

"ఏంటి?"

"చేరిన మొదటి వారం. సొరుగు తీస్తే కలరా ఉండల ఘాటుకి తుమ్మొచ్చింది. నాలుగోదొకటి, ఏడోదొకటి, రెండిటి పొట్టలూ ఊడి బల్ల మీద పడ్డాయి. ఎవరైనా చూస్తారేమోనని గబగబా అతికేశాను. అటుది ఇటు, ఇటుది అటు. ఇదిగో, ఈ జిగురు చుక్క నాదే. కుట్టు చూసి దర్జీ ఎవరో మీరు చెప్పరూ, అలాగే."

"మరి అలా అతికిన ఇంకోటి?"

"దాన్ని ఎప్పుడో చీడ తినేసింది. పన్నెండోది అసలు లేదండీ."

నేనూ ఒకసారి అన్న చొక్కాకి తమ్ముడి చేతులు కుట్టిచ్చాను. కానీ కొత్త జాతి దొరికిందని ఎవరూ అచ్చు వేయలేదు.

"నోరు మెదపకుండా ఊరుకో. నీకు తప్ప ఎవరికీ తెలీదు," అన్నాను. నేను గొప్పవాణ్ణని ఎక్కడా చెప్పలేదుగా.

"నాకు తెలిసిపోయిందిగా," అంది. నవ్వు ఆగిపోయింది. "పేరు పోతే బాధ లేదని అబద్ధం చెప్పను. చాలా ఉంది. అంతకంటే అత్తయ్య మొహం ఎలా చూడాలో తెలీట్లేదు. మళ్లీ పురుగులావిడనే అయిపోతాను."

బుధవారం తోడుగా నేనూ వెళ్లాను. రిటైరైన పెద్దసారు కూడా వచ్చారు. మా ఆవిడ ఒక్క గుక్కలో చెప్పేసి, జిగురు మీద నీటిచుక్క వేసి నాననిచ్చింది. పొట్ట మెల్లగా విడి వచ్చింది. ఆ అమ్మాయి మైక్రోస్కోపులో చూసి తలూపింది. పెద్దసారు కూడా వంగి చూశారు. తర్వాత, "అయితే నేను ఒక తుమ్ముకి పేరు పెట్టానన్నమాట," అని కుర్చీ పట్టుకుని మరీ నవ్వారు. ఆయన నవ్వాక అందరికీ ధైర్యం వచ్చింది.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మా అమ్మకు మొత్తం చెప్పేసింది మా ఆవిడ.

"మరి పుస్తకంలో నీ పేరు?" అంది అమ్మ.

"కొట్టేస్తారు, అత్తయ్యా. తప్పు నాదే."

అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. మేమిద్దరం కిటికీ దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డాం. ప్రహరీ మీదుగా పక్కింటావిడతో అమ్మ గొంతు వినిపించింది.

"పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లంతా ఇరవై మూడేళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చూశారట. ఒక్కరికీ ఆ తప్పు దొరకలేదు. చివరికి మా కోడలు పట్టుకుంది."

"అబ్బో. ఇంతకీ అంత తప్పు చేసిందెవరంట?"

"అదీ మా కోడలే," అంది అమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.